‘నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది సార్’

ఈ మాట కాలేజీ ప్రాజెక్టు వైవాలో చెల్లిపోతుంది. డెమో చూపిస్తారు, గైడ్ తలూపుతారు, రికార్డు మీద సంతకం పడుతుంది. అదే ప్రాజెక్టు లింకు రెజ్యూమెలో పెట్టుకొని ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు అవతలి మనిషి ‘సరే, దీన్ని ఈ సిస్టమ్‌లోకి దించి నడిపి చూపించండి’ అంటే సంగతి మారిపోతుంది. ఒక్క కమాండ్ ఇస్తారు. తెర నిండా ఎర్ర అక్షరాలు. కింద ‘బిల్డ్ ఫెయిల్డ్’ అని ఒక వాక్యం. అప్పటిదాకా జావా గురించి, డేటాబేస్ గురించి బాగానే మాట్లాడిన అభ్యర్థికి నోట మాట రాదు.

కోడ్ రాయడం ఒక పని. రాసిన కోడ్ నడిచే ప్రోగ్రాంగా తయారవడం ఇంకో పని. మీరు రాసిన ఫైళ్లు, ఎవరెవరో రాసిపెట్టిన పదుల కొద్దీ లైబ్రరీలు, కంపైలర్, సెట్టింగులు... వీటన్నిటినీ సరైన వరసలో కూర్చేది బిల్డ్ టూల్. సీ ప్రోగ్రాములకు మేక్, సీమేక్ ఉన్నాయి. జావాకు మావెన్, గ్రేడిల్ ఉన్నాయి. జావాస్క్రిప్ట్ వాళ్లకు ఎన్‌పీఎం, పైథాన్ వాళ్లకు పిప్ తెలిసినవే. డేటా స్ట్రక్చర్లకు ఒక సెమిస్టర్, ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు ఒక సెమిస్టర్ పెట్టుకున్న మన చదువులో ఈ కూర్పు పనికి దక్కేది మహా అయితే ఒకటి రెండు క్లాసులు. ల్యాబ్‌లో సిస్టమ్‌లన్నీ ముందే సిద్ధం చేసి ఉంచుతారు కాబట్టి అక్కడ ఈ సమస్య కనిపించదు. సొంత ల్యాప్‌టాప్ కొన్న రోజు నుంచి మొదలవుతుంది.

జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీ ఉన్న నాచుపల్లిలోనో, మంథనిలోనో, బాసర ట్రిపుల్ ఐటీ హాస్టల్లోనో, మంచిర్యాలలో ఇంటి దగ్గరో కూర్చొని రాత్రి పదకొండు గంటలకు ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థిని ఊహించుకోండి. హైదరాబాద్‌లో పీజీ హాస్టల్ ఉంటే పక్క గదిలో ఉద్యోగం చేస్తున్న సీనియర్ ఒకరు దొరుకుతారు. ఇక్కడ దొరికేది వాట్సాప్ గ్రూపు. ‘అన్నా, బిల్డ్ అయితలేదు’ అని ఒక ఫొటో పెడతారు. ఆ ఫొటోలో తెర కింది నాలుగు లైన్లే కనిపిస్తాయి. ‘అన్ఇన్‌స్టాల్ చేసి మళ్ల చెయ్ రా’ అని జవాబు వస్తుంది. చేస్తారు. రెండు జీబీ డేటా అయిపోతుంది. ఎర్ర అక్షరాలు అలాగే ఉంటాయి. మూడు రాత్రులు ఇలా గడిచాక ‘నాతోని కోడింగ్ కాదు’ అనే నిర్ణయానికి వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోడ్‌లో ఒక్క తప్పు కూడా ఉండకపోవచ్చు. సెట్టింగ్‌లో ఒక్క ఫోల్డర్ పేరు తప్పు పడి ఉంటుంది, అంతే. ఒక మనిషి ఒక వృత్తిని వదులుకోవడానికి ఇది చాలా చిన్న కారణం.

దీన్ని చిల్లర విషయమని పక్కన పెట్టడం మాకు నచ్చదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మీకిచ్చే పని సాధారణంగా కొత్త ఫీచర్ రాయడం కాదు. ‘ఈ ప్రాజెక్టు మీ మెషీన్‌లో బిల్డ్ చేసుకోండి’ అంటారు. ఐదేళ్లుగా ఎవరెవరో చేతులు వేసిన ప్రాజెక్టు అది. దాని పత్రాలు పాతవి. చెప్పే సీనియర్‌కు మీటింగులు. అక్కడ రోజులు గడుస్తుంటే టీమ్ గమనిస్తుంది. కరీంనగర్ ఐటీ టవర్ 2020 జులైలో తెరుచుకుంది. అందులో ఉన్నదైనా, గచ్చిబౌలిలో ఉన్నదైనా, ఇంటి నుంచి పనిచేసే కంపెనీ అయినా ఈ మొదటి వారం మాత్రం ఒకేలా ఉంటుంది.

అసలు ఈ టూల్స్ పుట్టిందే ఇలాంటి విసుగులోంచి. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ అనే యువ శాస్త్రవేత్త ఉండేవారు. సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒకరోజు తిట్టుకుంటూ ఆయన గదిలోకి వచ్చారు. ప్రోగ్రాంలో తప్పును అప్పటికే సరిచేశారు. కానీ సరిచేసిన ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు. దాంతో బాగానే ఉన్న ప్రోగ్రాంలో లేని తప్పు కోసం ఉదయమంతా వెతికారు. ఏ ఫైలు మారిందో చూసి దాన్ని మాత్రమే మళ్లీ తయారుచేసే ‘మేక్’ను ఫెల్డ్‌మన్ అప్పుడే రాశారు. తర్వాత 2003లో దానికి ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది. ఇందులో ఇంకో తమాషా ఉంది. మేక్ ఫైలులో కమాండ్‌కు ముందు స్పేస్ కాకుండా ట్యాబ్ కొట్టాలి. ఇది ఇబ్బందే అని తొలి వారాల్లోనే తెలిసినా, అప్పటికే వాడుతున్న డజను మందిని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయన మార్చలేదు. దాదాపు 50 ఏళ్లుగా ప్రపంచమంతా ‘మిస్సింగ్ సెపరేటర్’ అనే ఎర్రర్ చూస్తూనే ఉంది. సీ ల్యాబ్‌లో మీకు ఆ ఎర్రర్ వచ్చి ఉంటే ఆ డజను మందిని తలుచుకోండి.

జాన్సన్‌కు వచ్చిన చిక్కు మీకూ వస్తుంది. కోడ్ మార్చారు, పాత ఫలితమే కనిపిస్తోంది. అలాంటప్పుడు పాత ఫలితాలను తుడిచి మొదటి నుంచి బిల్డ్ చేయాలి. చాలా టూల్స్‌లో ‘క్లీన్’ అని ఒక కమాండ్ ఉండేది ఇందుకే. అయితే ప్రతి ఎర్రర్‌కూ క్లీన్ కొట్టి కూర్చోవడం కూడా అలవాటు చేసుకోవద్దు. అది జ్వరం ఏదైనా ఒకే గోలీ వేసుకున్నట్లు ఉంటుంది.

ఇక చదవడం నేర్చుకోవాలి. అవును, ఎర్రర్‌ను చదవాలి. రామగుండం థర్మల్ కేంద్రంలో పనిచేసేవాళ్లు మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే అడిగి చూడండి. యూనిట్ ట్రిప్ అయినప్పుడు కంట్రోల్ రూమ్‌లో ఒకదాని వెంట ఒకటి అలారాలు మోగుతాయి. ఒకటి పడిపోతే దాని మీద ఆధారపడ్డవన్నీ పడిపోతాయి కదా. అందుకే ఏ అలారం ముందు వచ్చిందో విడిగా చూపించే ‘ఫస్ట్ అవుట్’ ఏర్పాటు ప్యానెళ్లలో ఉంటుంది. ఇంజినీర్లు ముందు దాన్నే చూస్తారు. సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ 80 ఎర్రర్లు చూపిస్తే వాటిలో మొదటిదాన్ని సరిచేయండి. చాలాసార్లు మిగతా 79లో సగానికి పైగా వాటంతటవే పోతాయి. వాట్సాప్‌లో పెట్టే ఫొటోల్లో లేనిది ఆ మొదటి లైనే. తెరను పైకి జరపాలి.

జావా వైపు వస్తే పద్ధతి కొంచెం మారుతుంది. అక్కడ పొడవైన ట్రేస్ వస్తుంది. అందులో ‘కాజ్డ్ బై’ అని మొదలయ్యే లైన్లు రెండు మూడు ఉంటాయి. ఒక కారణం వెనుక ఇంకో కారణం అన్నమాట. సాధారణంగా అసలు కారణం వాటిలో చివరిది. గ్రేడిల్ అయితే ‘వాట్ వెంట్ రాంగ్’ అని శీర్షిక పెట్టి మరీ చెబుతుంది. దాని కింది రెండు లైన్లు చదవకుండానే చాలామంది కిటికీ మూసేస్తారు. ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లు కూడా కంగారు పడాల్సిన పనిలేదు. ఈ లైన్లలో వాడే ఇంగ్లిష్ మాటలు వందకు మించవు. తిప్పి తిప్పి అవే వస్తాయి. ‘కుడ్ నాట్ రిజాల్వ్’ అంటే లైబ్రరీ దొరకలేదు లేదా కుదరలేదు. ‘నాట్ ఫౌండ్’ అంటే చెప్పిన చోట లేదు. ‘అన్‌సపోర్టెడ్’ అంటే వెర్షన్ పొసగలేదు. ‘పర్మిషన్ డినైడ్’ అంటే సమస్య కోడ్‌లో లేదు, ఫైలు హక్కుల్లో ఉంది.

వెర్షన్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61’ అని వస్తుంది. ఈ 61 ఏమిటి? అందులోంచి 44 తీసేయండి. 17 వస్తుంది. అంటే జావా 17. అలాగే 52 అంటే జావా 8, 55 అంటే జావా 11, 65 అంటే జావా 21. ఇప్పుడు ఎర్రర్ అర్థమైపోయింది. మీ సిస్టమ్‌లో జావా 17 ఉంది, ప్రాజెక్టులోని పాత గ్రేడిల్‌కు అది తెలియదు. జావా 17తో నడవాలంటే గ్రేడిల్ 7.3 లేదా ఆపైది కావాలి. లేదంటే ఆ ప్రాజెక్టుకు పాత జావాను చూపించాలి. దారులు ఈ రెండే. రెండింటిలో ఏది తీసుకున్నా పది నిమిషాల పని. తెలియకపోతే పది రాత్రుల పని.

పాత జావాను చూపించడంలో ఇంకో మెలిక ఉంది. విండోస్‌లో టెర్మినల్ తెరిచి జావా వెర్షన్ అడిగితే ‘పాత్’ అనే వరసలో ముందు కనిపించిన జావా జవాబిస్తుంది. మావెన్, గ్రేడిల్ మాత్రం ‘జావా హోమ్’ అనే సెట్టింగ్ ఉంటే దాన్నే నమ్ముతాయి. ఈ రెండూ రెండు వేర్వేరు జావాలను చూపిస్తుండవచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఇంటెలిజే లాంటివి తమ వెంట మూడో జావాను తెచ్చుకుంటాయి. అందుకే ఎడిటర్‌లో బటన్ నొక్కితే నడిచేది టెర్మినల్‌లో నడవదు. జావా హోమ్ మార్చాక పాత టెర్మినల్ కిటికీని మూసి కొత్తది తెరవాలి. తెరిచి ఉన్న కిటికీకి కొత్త సంగతి తెలియదు. ఈ ఒక్క ముక్క తెలియక మార్పు పనిచేయలేదనుకొని మళ్లీ వెనక్కి మార్చేసేవాళ్లు ఎందరో.

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన మాట. అమీర్‌పేటలో చివరి ఏడాది ప్రాజెక్టులు తయారుగా దొరుకుతాయన్న సంగతి ఎవరికీ కొత్త కాదు. కొన్నవాళ్లను ఇక్కడ తిట్టబోవడం లేదు. కానీ ఆ జిప్ ఫైలు తెరిచిన చాలామందికి ఎదురయ్యేది చూడండి. ‘లోకల్ ప్రాపర్టీస్’ అనే ఫైలులో సీ డ్రైవ్, యూజర్స్, తర్వాత ఎవరిదో పేరు. మీ సిస్టమ్‌లో ఆ పేరుతో ఫోల్డర్ లేదు కాబట్టి ‘ఎస్‌డీకే నాట్ ఫౌండ్’ అంటుంది. బిల్డ్ అవకపోవడం ఒక నష్టం. ఇంటర్వ్యూలో ఆ ఫైలు తెరిచి ‘ఈ పేరు ఎవరిది?’ అని అడిగితే కలిగే నష్టం వేరు. నిజానికి ఆ ఫైలును రిపాజిటరీలో పెట్టనే కూడదు. ప్రతి మెషీన్‌కూ అది విడిగా తయారవుతుంది.

కొన్నదైనా, సీనియర్ ఇచ్చినదైనా, పాత ప్రాజెక్టుకు ఇంకో చిక్కు ఉంది. అది అలాగే ఉంది, చుట్టూ లోకం మారింది. మావెన్ సెంట్రల్ 2020 జనవరి 15 నుంచి హెచ్‌టీటీపీ చిరునామాను ఒప్పుకోవడం మానేసి హెచ్‌టీటీపీఎస్ ఉండాలంది. చిరునామాలో ఒక్క ‘ఎస్’ లేనందుకు 501 ఎర్రర్ ఇస్తుంది. ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు విరివిగా వాడిన జేసెంటర్‌ను మూసేస్తున్నట్లు జేఫ్రాగ్ 2021లో ప్రకటించింది. పాత బిల్డ్ ఫైళ్లలో ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. లైబ్రరీలను చేర్చడానికి అందరూ రాసే ‘కంపైల్’ అనే మాటను గ్రేడిల్ 7 తీసేసింది, దాని చోట ‘ఇంప్లిమెంటేషన్’ అని రాయాలి. 2021 అక్టోబరులో నోడ్ 17 వచ్చి ఓపెన్ఎస్ఎస్ఎల్ 3కు మారడంతో పాత వెబ్‌ప్యాక్ వాడే రియాక్ట్ ప్రాజెక్టులు ఒక్కసారిగా ఆగిపోయాయి. పైథాన్ 3.12లో ‘డిస్ట్‌యుటిల్స్’ పోయింది, దాని మీద ఆధారపడ్డ పాత ప్యాకేజీలు ఇన్‌స్టాల్ కావడం లేదు. ఈ తేదీలను బట్టీ పట్టమని కాదు. ప్రాజెక్టు ఏ ఏడాదిదో ముందు చూసుకోండి, ఆ ఏడాది తర్వాత ఆ టూల్‌లో ఏం మారిందో వెతకండి. వెతకడానికి మీకు ఒక చివర దొరుకుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే సమస్య నెట్‌వర్క్. ఆసిఫాబాద్ వైపు ఊళ్లలోనో, ఉట్నూరు ఏజెన్సీలోనో మొబైల్ డేటా మీద గ్రేడిల్ మొదటిసారి దిగుతుంటే మధ్యలో సిగ్నల్ పోవడం మామూలే. సగం దిగిన జిప్ ఫైలు అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎన్నిసార్లు బిల్డ్ కొట్టినా ‘జిప్ ఎండ్ హెడర్ నాట్ ఫౌండ్’ లాంటి మాట వస్తుంది. జిప్ ఫైలు తోక లేదు అని దాని అర్థం. యూజర్ ఫోల్డర్‌లో ఉండే గ్రేడిల్ ఫోల్డర్‌లోకి వెళ్లి, ర్యాపర్, దాని కింద డిస్ట్స్ అనే చోట ఆ వెర్షన్ ఫోల్డర్ ఒక్కదాన్ని తీసేసి మళ్లీ బిల్డ్ ఇస్తే చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో మొత్తాన్ని తీసేసి మళ్లీ దించుకోవాల్సిన పనిలేదు. మావెన్ కూడా ఇలాగే ఒక పట్టుదల చూపిస్తుంది. ఒకసారి లైబ్రరీ దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాసిపెట్టుకుంటుంది. నెట్ తిరిగి వచ్చినా వెంటనే మళ్లీ అడగదు, ఆ రాతనే చూపిస్తుంది. కమాండ్‌కు ‘-యూ’ చేర్చితే మళ్లీ అడుగుతుంది. పెద్ద అక్షరం ‘యూ’ అని గుర్తుంచుకోండి. కాలేజీ వైఫైలో ప్రాక్సీ ఉంటే బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటాయి, బిల్డ్ టూల్‌కు మాత్రం నెట్ అందదు. దానికి ప్రాక్సీ వివరాలు విడిగా చెప్పాలి. మంచి నెట్ ఉన్నచోట ఒకసారి పూర్తిగా బిల్డ్ చేసుకుంటే తర్వాత ఇంట్లో ఆఫ్‌లైన్ మోడ్‌లో పనిచేసుకోవచ్చు. గ్రేడిల్, మావెన్ రెండింట్లోనూ ఆ సౌకర్యం ఉంది.

పేర్ల విషయంలో కూడా కొంచెం జాగ్రత్త. విండోస్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. లినక్స్‌లో కాదు. ఫైలు పేరు పెద్ద ‘హెచ్’తో హెడర్ అని పెట్టి, కోడ్‌లో చిన్న ‘హెచ్’తో పిలిస్తే మీ దగ్గర నడుస్తుంది, సర్వర్ మీద ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ వస్తుంది. ‘నా దాంట్ల నడుస్తుంది రా’ అని ఇద్దరు మిత్రులు గంటల తరబడి వాదించుకునే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇదే. యూజర్ పేరులో ఖాళీ ఉన్నా, ప్రాజెక్టు ‘న్యూ ఫోల్డర్’ లోపల ఇంకో ‘న్యూ ఫోల్డర్’లో ఉన్నా కొన్ని టూల్స్ తడబడతాయి. డ్రైవ్ మొదట్లోనే ఖాళీలు లేని చిన్న పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటే ఈ తంటా తీరుతుంది.

ఇతరుల లైబ్రరీల మీద ఎంతగా ఆధారపడ్డామో తెలిపే ఘటన 2016 మార్చిలో జరిగింది. ‘లెఫ్ట్-ప్యాడ్’ అనే 11 లైన్ల చిన్న ప్యాకేజీని దాని రచయిత ఒక వివాదంలో ఎన్‌పీఎం నుంచి తీసేశారు. దాన్ని నేరుగానో, వేరే ప్యాకేజీ ద్వారానో వాడుతున్న వేల ప్రాజెక్టుల బిల్డ్‌లు ప్రపంచమంతటా ఆగిపోయాయి. పెద్ద కంపెనీలవి కూడా. కొన్ని గంటల్లోనే దాన్ని తిరిగి పెట్టారు. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, మీ ప్రాజెక్టు ఏ లైబ్రరీ, ఏ వెర్షన్‌తో నడిచిందో రాసి ఉంచే లాక్ ఫైలును పారేయకండి. ‘ప్యాకేజ్-లాక్’ అనే ఫైలు చూడటానికి చెత్తలా ఉంటుంది, వేల లైన్లు ఉంటాయి. దాన్ని గిట్‌లో పెట్టాలి. పెట్టకూడనిది ‘నోడ్ మాడ్యూల్స్’ ఫోల్డర్. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. గ్రేడిల్‌లో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. గిట్‌హబ్ ఇచ్చే జావా ‘గిట్ ఇగ్నోర్’ నమూనా జార్ ఫైళ్లన్నిటినీ పక్కన పెడుతుంది. దాంతో గ్రేడిల్ ర్యాపర్ జార్ కూడా పోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది కాబట్టి మీకు తెలియదు. మీ రిపాజిటరీ దించుకున్న ఇంటర్వ్యూయర్‌కు తెలుస్తుంది.

సమస్య ఏదైనా ఒకసారి ఒక్కటే మార్చండి. సిరిసిల్లలో సాంచా మీద పోగు తెగితే నేతన్న సాంచా ఆపి ఆ పోగు ఎక్కడ తెగిందో చూసి అతుకుతాడు. బీము మొత్తం విప్పి కూర్చోడు. మనం మాత్రం జావా మార్చి, గ్రేడిల్ మార్చి, రెండు లైబ్రరీల వెర్షన్లు మార్చి, నాలుగూ కలిపి ఒకేసారి నడుపుతాం. నడిస్తే ఎందుకు నడిచిందో తెలియదు. నడవకపోతే సమస్య ఒకటి నాలుగవుతుంది. నడిచిన ప్రతి దశలోనూ గిట్‌లో ఒక కమిట్ పెట్టుకోండి. చేసిన ప్రయత్నాలను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే ఇంకా మంచిది. కాగితం నోట్‌బుక్ అయినా సరే.

‘ఇదంతా ఎందుకు, చాట్‌బాట్‌ను అడిగితే చెబుతుంది కదా’ అంటారు. చెబుతుంది. అడగండి కూడా. కానీ చివరి లైను ఒక్కటే ఇచ్చి అడిగితే వాట్సాప్ గ్రూపు ఇచ్చిన జవాబే ఇంకొంచెం మర్యాదగా ఇస్తుంది. మొత్తం ఎర్రర్, మీ జావా లేదా నోడ్ వెర్షన్, బిల్డ్ ఫైలు, నిన్న నడిచి ఈరోజు ఆగిపోతే మధ్యలో ఏం మారింది అన్న సంగతి చెప్పగలిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఇవన్నీ సేకరించి చెప్పగలిగిన మనిషికి సగం సార్లు అడగాల్సిన అవసరమే రాదు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, ‘ఫోర్స్’ పెట్టండి, ‘లెగసీ’ పెట్టండి అనే సలహాలను వెంటనే పాటించకండి. ఎన్‌పీఎంలో రెండు లైబ్రరీలు పొసగడం లేదని చెప్పే ఎర్రర్‌ను ఫోర్స్‌తో దాటిస్తే బిల్డ్ అయిపోతుంది. పొసగకపోవడం మాత్రం అలాగే ఉంటుంది. డెమో రోజు బయటపడుతుంది.

ప్రాజెక్టు నిజంగా నడుస్తుందో లేదో తెలుసుకోవడానికి రెండో మెషీన్ కావాలి. అందరికీ రెండో ల్యాప్‌టాప్ ఎక్కడిది? పబ్లిక్ రిపాజిటరీలకు గిట్‌హబ్ యాక్షన్స్ ఉచితం. ఒక చిన్న ఫైలు రాసి పెడితే మీరు కోడ్ పంపిన ప్రతిసారీ అప్పుడే తయారైన ఖాళీ లినక్స్ మెషీన్‌లో మీ ప్రాజెక్టును బిల్డ్ చేసి చూపిస్తుంది. డేటా మీది కాదు, వాళ్లది. మొదటిసారి తప్పకుండా ఫెయిల్ అవుతుందనుకోండి. విండోస్ నుంచి పంపిన గ్రేడిల్ స్క్రిప్టుకు నడిచే హక్కు లేక ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది, లేదంటే పైన చెప్పుకున్న పెద్ద అక్షరం, చిన్న అక్షరం గొడవ వస్తుంది. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పచ్చ గుర్తు వచ్చేదాకా వెళ్లండి. వారం పట్టొచ్చు. ఆ వారంలో నేర్చుకునేదాన్ని కోర్సులు ‘సీఐ’, ‘డెవాప్స్’ అనే పేర్లతో ఫీజు తీసుకొని నేర్పుతాయి.

ఇంటర్వ్యూలో ‘మీకు ఎదురైన కష్టమైన సమస్య చెప్పండి’ అని అడిగితే చాలామంది టీమ్‌వర్క్ గురించి బట్టీ పట్టిన జవాబు చెబుతారు. దాని బదులు ఇలా చెప్పి చూడండి: ‘మా ప్రాజెక్టు నా ఫ్రెండ్ సిస్టమ్‌లో బిల్డ్ కాలేదు సార్. వెర్షన్ 61 అని వచ్చింది. అది జావా 17 అని తెలుసుకున్నాం. గ్రేడిల్‌ను 7.3కు పెంచాం. అప్పుడు కంపైల్ అనే పదం దగ్గర ఆగింది. దాన్ని మార్చాం. తర్వాత అందరికీ ఒకే వెర్షన్ ఉండేలా ర్యాపర్‌ను రిపాజిటరీలో పెట్టాం.’ ఇది ఏ పుస్తకంలోనూ లేని జవాబు, మీ జవాబు. బిల్డ్ అండ్ రిలీజ్, డెవాప్స్, టెస్ట్ ఆటోమేషన్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకైతే ఇది నేరుగా పనిలోని భాగమే. నిజంగా చేసి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

కాలేజీలకు కూడా ఒక మాట. ప్రాజెక్టు రివ్యూలో విద్యార్థి తన ల్యాప్‌టాప్ తెచ్చి చూపించే పద్ధతిని మార్చాలి. ల్యాబ్‌లో ఏదో ఒక సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, రిపాజిటరీ దించి, రీడ్‌మీ ఫైలులో రాసినట్లే బిల్డ్ చేయమనాలి. రాసిన సూచనల్లో ఏది లేదో అక్కడే తెలుస్తుంది. దీనికి కొత్త పరికరాలు అక్కర్లేదు, సిలబస్ మార్పు కోసం యూనివర్సిటీ వైపు చూడాల్సిన పనీ లేదు. హెచ్‌వోడీ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. మొదటి ఏడాది సగం బ్యాచ్‌లు తెల్లముఖం వేస్తాయి. అందుకు మార్కులు కోయకుండా రెండు రోజుల గడువు ఇచ్చి మళ్లీ పిలవాలి. కొన్న ప్రాజెక్టుల బెడద కూడా దీంతో కొంత తగ్గుతుంది.

సర్క్యులర్ వచ్చేదాకా ఆగనవసరం లేదు. మీ పక్క బెంచీ మిత్రుడి ప్రాజెక్టును మీరు, మీ ప్రాజెక్టును ఆ మిత్రుడు ఈ ఆదివారం దించుకొని చూడండి. షరతు ఒక్కటే: ఫోన్ చేసి అడగకూడదు, రీడ్‌మీలో ఉన్నదే చేయాలి. ఆగిపోయిన చోట ఎర్రర్ మొత్తం, మొదటి లైనుతో సహా, కాపీ చేసి పంపాలి. ఫొటో తీసి కాదు.